రాసినప్పుడల్లా ఆగిన మోటారు

విద్యుత్ కేంద్రం కాలనీకి నీళ్లెక్కించే పంపుహౌసులో సుమంగళ కాంట్రాక్టు ఆపరేటరు. 2010లో రోజూ యరగేర నుంచి బస్సులో వచ్చేది. సంపు అడుగంటితే అక్కడి లినక్స్ కంప్యూటర్ నమోదు ఫైలులో, అంటే లాగ్‌లో, ‘సంపు ఖాళీ’ అని ఒక వాక్యం పడుతుంది. అది చూసి ఆమె మోటారు ఆపాలి. పోయిన నెల ఆమె అన్నం తింటుండగా ఆ వాక్యం పడింది, నీళ్లు లేకుండా తిరిగి మోటారు కాలింది. తినడమూ నేరమే అన్నట్టు, ఇంకోసారి కాలనీకి నీళ్లాగితే పని పోతుందని కాగితం చేతికిచ్చారు. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

ఇంజనీరు నవనీత్ దగ్గర కూర్చుని నేర్చుకుని, లాగ్‌లో ఆ మాట కనబడగానే కంప్యూటరే మోటారు ఆపేలా రూలు రాసింది. ఏ పని చేసినా ఎందుకు చేశారో రాయడం పంపుహౌసు ఆచారం. ఆ అలవాటు కొద్దీ కంప్యూటర్ చేతా లాగ్‌లో రాయించింది: ‘సంపు ఖాళీ, మోటారు ఆపాను.’

మర్నాడు పదకొండింటికి మోటారు దానంతటదే ఆగింది. సుమంగళకు ప్రాణం లేచొచ్చింది. సంపు నిండాక స్విచ్ వేసింది. మోటారు ఆగిపోయింది. మళ్లీ వేసింది, మళ్లీ ఆగింది. గేటు దగ్గర బిందెలు చేరాయి.

“సంపు నిండ నీళ్లు పెట్టుకొని నల్లాలు ఎండబెడ్తరేందమ్మా?” అంది కాలనీ మారెవ్వ.

సుమంగళ లాగ్ తెరిచింది. ఒకే వాక్యం వేలసార్లు. కంప్యూటర్ తన రాతలోని ‘సంపు ఖాళీ’ తానే చదువుకుని మోటారు ఆపుతోంది, ఆపానని రాస్తోంది, అది చదివి మళ్లీ ఆపుతోంది. సంపులో నీటిమట్టం చూసే సెన్సర్ పంపిన వాక్యానికే మోటారు ఆపమని రూలు మార్చింది. నలభై నిమిషాల తర్వాత నల్లాల్లో నీళ్లొచ్చాయి.

కరెంటు పోయిందని రాసేస్తే సరిపోయేది. కరెంటు పుట్టే ఊళ్లోనూ ఆ మాట ఎవరూ కాదనరు. ఆమె మాత్రం షిఫ్టు పుస్తకంలో తన తప్పు ఉన్నదున్నట్టు రాసింది.

సూపర్‌వైజర్ రామదాసు అది చదివాడు. “గిది రాసినంక నిన్నెట్ల కాపాడాలె సుమంగళా?”

“రాయకుంటె నా ఎనక ఈ కుర్సీల కూసునేటోల్లు గదే తప్పు చేస్తరు సార్.”

ఆయన పెన్ను తీసి, ఆమె రాసినదాని కింద ‘ఈ రూలు చూడకుండానే ఒప్పుకున్నది నేను’ అని రాసి సంతకం పెట్టాడు.