మొగల్తూరు ఇసుకలో తోటకూర

ధవళేశ్వరంలో కాలువల కచేరీలో గుమాస్తాగా చేరిన కొత్తలో, నీళ్ల గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. నిజానికి నేను చేసే పని, పైవాళ్లు కొలిచి తెచ్చిన కొలతలను గుండ్రటి అక్షరాలతో తిరగరాయడం. అయినా ఆ కాగితాలు నా చేతి మీదుగా పోతుంటే గోదావరే నా చేతి మీదుగా పోతున్నట్టుండేది. ఆ గొప్ప చూడలేకనో ఏమో, నన్ను కాలువలన్నీ అయిపోయే చోటికి, మొగల్తూరు దాపులో ఒక పల్లెకు బదిలీ చేశారు.

అక్కడ నేలంతా ఇసుక. నడిస్తే చెప్పుల్లో ఇసుక, తింటే అన్నంలో ఇసుక. మేం అద్దెకున్నది ఒక తాటాకుల ఇంటి వెనక భాగంలో. ముందు భాగంలో ఇంటావిడ ఉండేది. పెద్దావిడ, ఒంటరిది. మేం మామ్మగారూ అని పిలిచేవాళ్లం. ఆవిడకు చెవులు చాలా బాగా పనిచేసేవి.

వేసవి వచ్చింది. ఎప్పటిలాగే మరమ్మతులకని కాలువలు కట్టేశారు. కాలువలో నీళ్లు లేకపోతే పడవలు రావు. పడవలు రాకపోతే ఆ ఊరికి ఆకుకూర రాదు. ఊళ్లో చేపలకు లోటు లేదు గాని మా ఇంట్లో అవి తినరు. పూటపూటా గుమ్మడికాయ, లేకపోతే కంద. నా భార్య అప్పుడు కడుపుతో ఉంది.

“ఏమండీ, నోరంతా చేదుగా ఉంటోందండీ. కాస్త తోటకూర పప్పు తింటే ప్రాణం లేచొస్తుందనిపిస్తోంది,” అంది ఒకనాడు, కంద ముక్కలు పక్కకు తోసేస్తూ.

మరొకడైతే నరసాపురం వెళ్లి దొరికిన నాలుగు కట్టలు పట్టుకొచ్చేవాడు. నేను మాత్రం చెయ్యి కడుక్కుని లేచి, “కొనడమేంటి? మన పెరట్లో పండిస్తాను. ఇన్ని ఊళ్లకు నీళ్లు పారిస్తున్నవాళ్లం, పెరట్లో రెండు మళ్లకు పారించలేమా?” అన్నాను.

ముందు గది నుంచి మామ్మగారి గొంతు వినబడింది. “ఈ ఇసకలోనా నాయనా? ఈ ఎండల్లోనా?”

“చూస్తూ ఉండండి మామ్మగారూ,” అన్నాను. ఆవిడ నేనన్నంత పనీ చేసింది. ఆ వేసవంతా చూస్తూనే ఉంది.

మామూలు మనిషి నూతి పక్కన మడి చేసి చెంబుతో నీళ్లు పోస్తాడు. నేను నూతి దగ్గర బంకమట్టితో ఆనకట్ట కట్టాను. దాని నుంచి ఒక పెద్ద కాలువ, ఆ కాలువకు పిల్లకాలువలు, ఒక్కో మడికి చెక్కముక్కతో తలుపు. వాలు సరిచూడడానికి నేలమీద బోర్లా పడుకుని ఒక కన్ను మూసుకుని చూసేవాణ్ణి. అది చూసి, వలలు భుజాన వేసుకుని దారిన పోయేవాళ్లు నాకేదో అయిందనుకుని కంచె దాకా వచ్చారు.

నీళ్లు వదిలేరోజు కొబ్బరికాయ కొట్టాను. కంచె అవతల జనం నిలబడ్డారు. నేను బిందె మీద బిందె తోడి ఆనకట్ట వెనక పోశాను. ఠీవిగా తలుపెత్తాను. నీళ్లు జానెడు దూరం ఉరికాయి. అంతే, కనబడకుండా పోయాయి. ఇంకో బిందె పోశాను. ఇసుక దాన్నీ తాగేసింది. నేను రొప్పుతూ తోడుతున్నాను, పెద్ద కాలువ మాత్రం పొడిగానే ఉంది.

మామ్మగారు అరుగు మీంచి మెడ చాచి చూసింది. “నీళ్లు ఏ ఊరెళ్లాయి నాయనా?”

కంచె అవతల నవ్వులు. కొబ్బరి ముక్కలు మాత్రం అందరూ తీసుకుని వెళ్లారు.

నేను తగ్గలేదు. కాలువలన్నిటికీ పేడా మట్టీ కలిపి మెత్తాను. ఈసారి నీళ్లు పారాయి. పారి, నేను చల్లిన విత్తనాలన్నిటినీ ఊడ్చుకుపోయి చివరి మూలలో కుప్ప పోశాయి. వాటిని చీమలు వరసకట్టి మోసుకుపోయాయి. ఎలాగో మిగిలి మొలిచిన నాలుగు మొలకల మీద మిట్టమధ్యాహ్నం వేడి ఇసుక కొట్టింది. వాటికి నా గొడుగు విప్పి నీడ పెట్టి, నేను గొడుగు లేకుండా పనికి వెళ్లేవాణ్ణి. నా ముఖం కమిలిపోయింది. మొలకలూ కమిలిపోయాయి.

అప్పుడే మా ఓవర్సీరుగారు తనిఖీకి వచ్చి, దాహానికని ఇంటికి వచ్చారు. పెరట్లో ఇసుకలో పాతిన గొడుగు చూసి ఆగిపోయారు.

“ఏంటండీ ఇది?”

“తోటకూరండి.”

ఆయన వంగి గొడుగు కింద వెతికారు. ఏమీ కనబడలేదు. తరవాత ఆనకట్ట చూశారు, కాలువలు చూశారు. గంభీరంగా, “వాలు ఎక్కువైందండీ,” అని, మజ్జిగ తాగి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం నేను అరుగు మీద ముడుచుకు కూర్చున్నాను. నా భార్య వచ్చి పక్కన కూర్చుంది.

“ఏమండీ, ఇసుకలో నీళ్లు నిలవకపోతే నిలిచే మట్టి తెచ్చుకోవచ్చు కదండీ?”

“ఈ ఊళ్లో మట్టెక్కడుంది?”

అడిగాక నాకే తట్టింది. ఎండిన కాలువ అడుగున ఒండ్రు పెళుసుబారి పడి ఉంది. రోజూ దాని మీద నడిచి వెళ్తూ, పూడిక ఎంత ఉందో రాసుకునేవాణ్ణి. అది మట్టి అన్న సంగతి మాత్రం తోచలేదు.

మర్నాటి నుంచి గుమాస్తాగారు తట్ట నెత్తిన పెట్టుకుని ఊరి నడివీధిలో ఒండ్రు మోశారు. ఎదురైనవాళ్లు మర్యాదకు పక్కకు తప్పుకుని, నేను దాటాక నవ్వుకునేవాళ్లు. పెరట్లో నేను తీసిన కాలువలన్నీ పూడ్చేశాం. చేటంత గుంటలు తీసి, ఒండ్రూ చివికిన పెంటా కలిపి నింపాం. నా భార్య పీటమీద కూర్చుని విత్తనాలు ఇసుకలో కలిపి పలచగా చల్లింది. పైన పాత తాటాకులు కప్పాం. పొద్దువాలాక చేత్తో నీళ్లు చిలకరించేవాళ్లం. ఆ వేళ తను చిన్నప్పటి కబుర్లు చెప్పేది. పెళ్లయ్యాక మేమంత తీరిగ్గా మాట్లాడుకున్నది ఆ గుంటల దగ్గరే.

కూర మొలిచింది. వేలెడు ఎత్తయింది. ఇంకొన్నాళ్లలో కోయొచ్చనగా తన అన్నగారు బండి కట్టుకుని వచ్చారు, పురిటికి పుట్టింటికి తీసుకువెళ్లడానికి. బండి ఎక్కబోతూ తను పెరటివైపు చూసి, “నీళ్లు మానకండేం,” అంది.

మానలేదు. కూర ముదరకముందే కోసి, తడిగుడ్డలో చుట్టి, అత్తవారింటికి బయలుదేరాను. నరసాపురం రేవులో పడవెక్కాను. వడగాలి. గుడ్డ ఆరినప్పుడల్లా గోదావరిలో ముంచి మళ్లీ చుట్టేవాణ్ణి.

“ఏంటండీ అది, అంత భద్రంగా?” అన్నాడు పక్కాయన.

“తోటకూరండి. అత్తవారింటికి.”

“వాళ్లది ఏ ఊరండి?” ఊరి పేరు చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయాడు. “ఆ ఊళ్లో ఇంటింటా కూరమళ్లేనండి!”

నిజమే. మా మావగారి దొడ్డినిండా కొబ్బరి నీడలో తోటకూర, బచ్చలి, గోంగూర పచ్చగా ఊగుతున్నాయి. అదంతా పెళ్లిచూపుల నాడే చూశాను. పడవ దిగే వరకు గుర్తుకు రాలేదు.

వాకిట్లో మూట విప్పాను. ఆకులు తాళ్లలా వేలాడాయి. అత్తగారు లోపలికి వెళ్లి కూతురితో మెల్లిగానే అన్నారు, నాకు వినబడింది. “అల్లుడుగారు ఆవుకి గడ్డి తెచ్చారేమోనే, కనుక్కో.”

నా భార్య నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. ఆ మూట చూసింది, కమిలిన నా ముఖం చూసింది. మూట తీసుకుని నూతి దగ్గర కూర్చుని ఒక్కొక్క ఆకూ కడిగింది. అన్ని తాళ్లూ కలిసి ఉడికితే పప్పులో పిడికెడు కూడా కాలేదు. దాన్ని ఎవరికీ వడ్డించనివ్వలేదు. నెయ్యి వేసుకుని మొత్తం తనే తింది.

“ఎలా ఉంది?” అన్నాను ఉండబట్టలేక.

“ఇసకగా ఉందండీ,” అని, గిన్నె అడుగున మిగిలింది కూడా ఊడ్చి కలుపుకుంది.