మూడు పిచ్చుకల తోరణం

వేదనాయకి ఒకే ఒక్క కొబ్బరాకుతో మొగుణ్ణి చంపి, అరగంటలో మళ్లీ లేపి కూర్చోబెట్టి, కాపీ తాగించింది. రాజపాళయంలో ఈ మాటను కాదనేవాడు ఇంకా పుట్టలేదు. పుట్టినా ఆ వీధి దాటి పోలేడు.

ముందు ఆమె చేతిని గురించి చెప్పాల. లేత కొబ్బరాకు ఇస్తే ఈనె తీసి, నిలువునా చీల్చి, మడత మీద మడత వేసి వరుసగా పిచ్చుకలు దింపేది. అవి ఎంత నిజం పిచ్చుకలంటే, ఆమె తోరణం కట్టిన దినం పక్కింటివాళ్లు ఎండబెట్టిన వడ్లు లోపలికి తీసిపెట్టుకొనేవాళ్లు. ఉగాది వస్తే ఆ వీధిలో పదహారు గడపలకూ ఆమె చేతి తోరణమే. ఆమె మొగుడు అళగిరిసామి జిన్నింగు ఫ్యాక్టరీలో ముప్పై ఏండ్లు పత్తి తూచినాడు. అయినా ఊర్లో ఆయనకంటూ ఒక పేరు నిలవలేదు. "తోరణం వేదనాయకి ఇంటాయన" అంటేనే పోస్టుమానుకు తెలిసేది.

ఆ పక్క ఒక కట్టుబాటు ఉంది. మంచి పనికి కట్టే తోరణంలో ఆకుకు నాలుగు పిచ్చుకలు. చావింటికైతే మూడు. వీధి మలుపులో నిలబడి గడపకేసి చూస్తే చాలు, ఆ ఇంట్లోకి నవ్వుతూ పోవాలో ఏడుస్తూ పోవాలో తెలిసిపోతుంది.

1958 నాటికి వేదనాయకికి ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. కండ్లకు మసక కమ్మింది. ఇంటాయన మొఖం కానరాకున్నా ఆమెకు పెద్ద నష్టం అనిపించలేదు, పాత మొఖమే కదా. కానీ పిచ్చుకలు? ఈ సంగతి బయటపడితే కొబ్బరాకు కోడలి చేతికి పోతుంది. కోడలు కల్యాణసుందరి సేత్తూరి పిల్ల. "సేత్తూరివాళ్లకు కొబ్బరాకు ఇస్తే చీపురు కడతారు" అని వేదనాయకి పదిమందిలో నవ్వించి ఉంది. ఆ నోటితోనే ఇప్పుడు "అమ్మా, నువ్వు మడువు" అనాలంటే ప్రాణం పోయినట్టే.

అందుకని వేళ్లను నమ్ముకొంది. వేళ్లకు లెక్క తెలుసు. ఆ ఏడు ఉగాదికి ముందు దినం, అమావాస్య మధ్యాహ్నం, ఎప్పటిలా మొదటి తోరణం తన గడపకే మడిచింది. మడుస్తూ ఉండగా పక్కింటి అళగమ్మాళ్ వచ్చి తన నాత్తనారు, అదే ఆడబిడ్డ గురించి ఏకరువు పెట్టింది. ఆ కథకు అడ్డం లేదు, ఆపు లేదు. వేళ్లు కూడా చెవులు పెట్టి విన్నట్టున్నాయి. అళగమ్మాళ్ పోయినాక వేదనాయకి తోరణం కట్టి, చివరల మామిడాకులు చెక్కి, పొయ్యి దగ్గరికి పోయింది. అళగిరిసామి అన్నం తిని, ఎండకు తాళలేక, తడి తువాలు మొఖం మీద కప్పుకొని తిన్నె మీద నిడుపుగా పడుకొన్నాడు.

తళవాయిపురం బస్సు దిగి మేనల్లుడు మాధవ వేపపూల మూట పట్టుకొని వచ్చినాడు. గడపకేసి చూసినాడు. ఎంచినాడు. తిన్నె మీద మేనమామను చూసినాడు. మూట జారిపోయింది.

"మామా! నన్ను విడిచిపెట్టి పోతివా మామా!"

అళగమ్మాళ్ పరిగెత్తి వచ్చింది. ఇంతసేపూ ఆ ఇంట్లో కూర్చొని పోయింది ఆమే. అయినా గడప చూసి తానే తప్పుగా చూసి ఉంటాననుకొని, ఆలస్యమైనందుకు మాధవకంటే గట్టిగా ఏడుపు ఎత్తుకొంది. పది నిమిషాల్లో వీధి వీధంతా వచ్చింది. కట్టుగుడ్డల మిల్లులో పనిచేసే ఒకాయన పైన కప్పేదానికి తెల్లగుడ్డ తెచ్చినాడు. గాయాలకు చుట్టే ఆ గుడ్డను ఏడు మడతలు వేసినా అళగిరిసామి బొడ్డు కనబడుతూనే ఉంది.

ముప్పై ఏండ్లు జిన్నింగు మోతలో నిలబడిన చెవులు కాబట్టి ఆయన లేవలేదు. మాధవ కాళ్ల మీద పడినాకనే తువాలు తీసి లేచి కూర్చొన్నాడు.

"ఎవర్రా పోయింది?"

"నువ్వే మామా!"

"నాకు ఎవరూ చెప్పలేదే!"

అందరూ గడపకేసి తిరిగినారు. వేదనాయకి గరిటెతో బయటికి వచ్చింది. "ఏమక్కా, మూడు కట్టినావే?" అనింది అళగమ్మాళ్. వేదనాయకి చెయ్యి పైకెత్తి తడిమింది. ఒకటి. రెండు. మూడు. నాలుగోదానికోసం వేలు ఊరికే గాలిలో వెతికింది. వెనక పదహారు గడపలవాళ్లు. తలుపు చాటున కోడలు.

"మూడే," అనింది. "ఈ పూటతో హేవిళంబి సంవత్సరం చస్తూ ఉంది. దానికి మూడు. రేపు పుట్టే విళంబికి నాలుగు. మీ ఇండ్లలో ఈ మాత్రం కూడా చేయరా?"

చేయము అని ముందుగా ఎవరు చెబుతారు? "చేస్తామక్కా, ఈ ఏడు మరిచిపోతిమి," అనింది అళగమ్మాళ్. సాయంత్రానికి పదహారు గడపలకూ మూడు పిచ్చుకలు. మూడేండ్లలో తక్కిన వీధులు అందుకొన్నాయి. ఇంకో రెండేండ్లకు తళవాయిపురంలో ఒక పెద్దాయన, ఈ ఆచారం మనవాళ్లు ఆంధ్రానుంచి ఈ అరవదేశానికి ఎడ్లబండ్లలో తెచ్చినారని ఒట్టు పెట్టి చెప్పినాడు. అళగిరిసామి మాత్రం ఏటా ఆ మధ్యాహ్నం పడుకోవడం మానేసినాడు. చీకటి పడేదాకా నిటారుగా కూర్చొనేవాడు.

ఆ మొదటి ఏడు వీధికి మరునాటికి కావలసిన నాలుగు పిచ్చుకల తోరణాలు మడిచేటప్పుడు కోడలు వచ్చి పక్కన కూర్చొంది. అత్త మడిచిన ఒక్కొక్క ఆకూ తీసి చూసి, తక్కువైన చోట ఒక పిచ్చుక వేసి, కుప్పలో పెట్టింది. అత్త అడగలేదు. కోడలు చెప్పలేదు. ప్రతి ఏడూ అంతే.

1966 ఉగాదికి ముందు అళగిరిసామి జ్వరంతో మంచం పట్టినాడు. అమావాస్య దినం గడపకు మూడు కట్టేదానికి కల్యాణసుందరికి మనసు రాలేదు. నాలుగు కట్టింది. అళగమ్మాళ్ వీధి మధ్యలో నిలబడి చెయ్యి తిప్పింది.

"ఏమే సేత్తూరుదానా, మీ అత్త పెట్టిన ఆచారం నీకు తెలుసునా? ఆమె చేతి పేరును పాడు చేస్తివే! పిచ్చుకలు ఎంచను రానిదానికి తోరణం ఎందుకు?"

కోడలు తల వంచుకొంది. లోపల మంచం దగ్గర ఉన్న వేదనాయకి గోడ పట్టుకొని గడప దాకా వచ్చింది.

"ఆచారమూ లేదు, ఏమీ లేదు. ఆ దినం నాకు కండ్లు కానరాలేదు, నాలుగనుకొని మూడు మడిచినాను. ఆయన్ను నేను చంపనూ లేదు, లేపనూ లేదు. నిద్రపోయినాడు, లేచినాడు. ఈ ఎనిమిదేండ్లూ మీ గడపలకు నాలుగోది మడిచింది మా కోడలు."