తికమక అటు తిరిగిన నాలుగు సెకన్లు

ఆమె వయసు నలభై ఏడు, ఆమె గొంతు వయసు పన్నెండు. ఈ రెంటికీ పొంతన లేకపోవడమే తొమ్మిదేళ్ళుగా ఆ ఇంటికి తిండి పెడుతోంది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి టీవీలో వచ్చే ‘తికమక’ చూడని పిల్లలు ఆ ఊళ్ళో లేరనే చెప్పాలి. తికమక ఏడో క్లాసు పిల్ల. పళ్ళకి క్లిప్పులు, ఎప్పుడూ జిప్పు ఊడిపోయి ఉండే సంచీ. నిలబడమంటే కూర్చుంటుంది, కూర్చోమంటే బెంచీ మీంచి పడుతుంది. పడ్డ ప్రతిసారీ లేచి మోకాళ్ళు దులుపుకుని, “నాకు ముందే తెలుసు!” అంటుంది. అంతే, ఇంటింటా పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. తెర మీద పడేది వేరే పిల్ల. ఆ మాట అనేది మాత్రం ఈవిడ.

తెర మీద పిల్లలు ఇప్పటికి ముగ్గురు మారారు. పదమూడో ఏడు రాగానే ఒక్కొక్కరూ పొడుగు సాగిపోతారు. వెంటనే ఇంకో పిల్ల అదే క్లిప్పులు పెట్టుకుని అదే బెంచీ మీంచి పడుతుంది. చూసేవాళ్ళు పట్టించుకోరు, ఎందుకంటే గొంతు మారలేదు. మనిషంటే గొంతేనని, మొహం ఉత్త హంగని స్టూడియోలో సౌండ్ చూసే తమ్ముడు అంటూంటాడు. సొంత తమ్ముడు కాదు. అతను అక్కా అంటాడు, ఆమె తమ్ముడూ అంటుంది, అదే చుట్టరికం.

ఆమె చిన్నప్పుడు స్కూల్లో అందరూ ‘పిల్లి గొంతు’ అని ఏడిపించేవాళ్ళు. పాఠం చదవమంటే లేచి నిలబడి నీళ్ళు నమిలేది. ఆ సిగ్గుతో పెళ్ళయ్యేదాకా పెద్దగా మాట్లాడనే లేదు. తర్వాత బస్టాండులో మైకులో బస్సుల వేళలు చదివే ఉద్యోగం దొరికింది. మనిషి ఎవరికీ కనబడనక్కర్లేదు గనక ఒప్పుకుంది. అక్కడ ఆ గొంతు విని ఎవరో స్టూడియోకి పిలిచారు. మసక గది, గాజు పలక, చెవులకి హెడ్‌ఫోన్లు, ఎదురుగా తెర మీద కదిలే పెదాలు. తనకి కావలసిన చోటు ఇదేనని మొదటి రోజే తెలిసిపోయింది.

ఆ పనిలో ఒక పాడు అలవాటు అంటుకుంటుంది. తెర మీద కళ్ళు చూడకూడదు, చూస్తే ఆలస్యమైపోతుంది. పెదాలు విడివడే క్షణాన్ని పట్టుకోవాలి, మూతబడే క్షణాన వదిలెయ్యాలి. తొమ్మిదేళ్ళు అలా చూసి చూసి ఇంటా బయటా ఆమెకి అదే చూపు అయిపోయింది. కొట్టువాడి పెదాలు, పక్కింటావిడ పెదాలు, మొగుడి పెదాలు. కూతురి పెదాలు. “అమ్మా, నా కళ్ళు ఏం రంగో చెప్పు?” అని ఓసారి కూతురు కళ్ళు గట్టిగా మూసుకుని అడిగితే, చెప్పలేక నవ్వేసి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

పనిలో ఒక సరదా కూడా ఉంది. తెర మీద మనిషి అటు తిరిగితే పెదాలు కనబడవు. ఆ కాస్సేపు రాజ్యమంతా గొంతుదే. కాగితం మీద రాసి ఇవ్వకపోయినా సణగొచ్చు, గొణగొచ్చు, జోకు వెయ్యొచ్చు. “అటు తిరిగినవాళ్ళ నోట్లో ఎవరి మాటైనా పెట్టొచ్చక్కా, అడిగేవాడు లేడు,” అనేవాడు తమ్ముడు. జనం నెత్తిన పెట్టుకున్న తికమక మాటల్లో సగం ఆమె అలా తోచి కలిపినవే.

ఇక కూతురు. ఇంట్లో పిచ్చుక అంటారు. నాలుగేళ్ళప్పుడు పెద్ద జ్వరం వచ్చి తగ్గాక ఆ పిల్ల మాట్లాడ్డం మానేసింది. తండ్రిది రైళ్ళలో ఉద్యోగం, నెలలో ఇరవై రోజులు ఇంట ఉండడు. తల్లి ఒక్కతే బతిమాలింది, భయపెట్టింది, ఏడ్చింది. పిల్ల పెదవి కదిపితే ఒట్టు. ఒక సాయంత్రం విసిగి వేసారి గదిలోంచి బయటికొచ్చి, తలుపు మూసి, దానికే నుదురు ఆనించి, ఇంకేం తోచక తికమక గొంతుతో అంది: “పిచ్చుకా! నేను బెంచీ మీంచి పడ్డా. నువ్వేం చేస్తున్నావ్?”

కాస్సేపటికి లోపల్నించి సన్నగా వినబడింది. “నేను పడలేదు.”

అలా మొదలైంది. తలుపు మూసి ఉండాలి. తెరిచాక ఆ మాటల ఊసెత్తకూడదు. ఎవరో పెట్టిన నియమాలు కావు, అవే పడ్డాయి. పిల్లకి మెల్లగా బయటా మాటలొచ్చాయి, ఎదిగింది, అవతల ఉన్నది అమ్మేనని తెలియని వయసు ఎప్పుడో దాటింది. అయినా స్కూలు నుంచి రాగానే గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. తల్లి వచ్చి బయట నేల మీద చతికిలబడేది. అమ్మకి చెప్పనివన్నీ తికమకకి చెప్పేది. ఒకే ఒక్కసారి, ఐదేళ్ళప్పుడు, నియమం తప్పి అడిగింది.

“అమ్మా, నువ్వు ఊరుకున్నప్పుడు తికమక ఎక్కడుంటుంది?”

“నీ గదిలోనే ఉంటుంది. ఎక్కడికి పోతుందేం?” అంది తల్లి, గిన్నెలు సర్దుకుంటూ. ఆ మాట అన్నట్టు కూడా తర్వాత ఆమెకి గుర్తు లేదు.

ఈ ఏడు పిచ్చుకకి పన్నెండు నిండాయి. తికమకా పిచ్చుకా ఒక ఈడువాళ్ళయ్యారు. కొత్త స్కూలు, కొత్త క్లాసు. ఒక సాయంత్రం తలుపు వెనక నుంచి పిల్ల గొంతు మామూలుగానే, ఏదో లెక్క అప్పజెప్పినట్టుగా చెప్పుకుపోయింది.

“నా పక్కన ఎవరూ కూర్చోరు. అందుకని మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకుని బాత్రూంలోకి పోతాను. చివరి దాంట్లోకి. కాళ్ళు పైకి పెట్టుకుంటే కిందనించి బూట్లు కనబడవు. ఎవరికీ తెలీదు.”

తల్లికి తలుపు తోసుకెళ్ళి పిల్లని కడుపులో దాచుకోవాలనిపించింది. కాని వెళ్ళలేదు. “పోన్లే, నేనూ అంతేగా,” అంది తికమక గొంతుతో.

పది రోజుల తర్వాత స్టూడియోలో, తెర మీద తికమక డబ్బా పట్టుకుని వరండాలో నడుస్తూ అటు తిరిగింది. నాలుగు సెకన్లు. కాగితంలో ఏమీ లేదు. ఏం పెడదామా అని ఆమె ఆలోచించనైనా లేదు, నోరు దానంతటదే అనేసింది: “చివరి బాత్రూంలో కాళ్ళు పైకి పెట్టుకుని తింటే బూట్లు కనబడవుగా!”

గాజు పలక అవతల డైరెక్టరు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. “మేడం, ఇది ఉంచేస్తున్నాం!” అన్నాడు. ఆ చోట నవ్వులు కూడా కలిపారు. టీవీలో రావడానికి ఇంకా మూడు వారాలుంది. తీసెయ్యమని ఒక్క మాట అంటే తీసేసేవాళ్ళు. ఆమె అనలేదు. పని ఒత్తిడనీ మతిమరుపనీ సర్దిచెప్పడానికి ఇందులో ఏమీ లేదు. అందరూ మెచ్చుకున్నారు, ఆ మెప్పు తియ్యగా ఉంది, అంతే సంగతి.

ఆదివారం ఆ మాట వచ్చినప్పుడు పిచ్చుక టీవీ ముందే ఉంది. తల్లి ఓరగా కూతురి పెదాల వంక చూసింది. అవి కదల్లేదు. ఏమీ అనుకోలేదులే అని మనసుకి నచ్చజెప్పుకుంది.

సోమవారం సాయంత్రం పిల్ల ఒక కాలికి బూటు, ఒక కాలికి ఉత్త మేజోడుతో ఇంటికొచ్చింది. మధ్యాహ్నం క్లాసు పిల్లలు వరసగా తలుపుల మీంచి తొంగిచూశారనీ, చివరి దాంట్లో దొరికిందని కేకలు పెట్టి బూటు లాక్కున్నారనీ టీచరు ఫోన్‌లో చెప్పింది. “తికమకా, తికమకా అని పిలిచార్ట,” అని కూడా అంది. పిచ్చుక గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. తల్లి ఎప్పట్లాగే బయట కూర్చుని నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. తికమక గొంతు రాలేదు, తన గొంతూ రాలేదు.

“బాగా వాచిందమ్మా,” అన్నాడు మర్నాడు గొంతు డాక్టరు, చిన్న అద్దం పెట్టి చూసి. “రెండు వారాలు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలు అసలే వద్దు.”

ఆమె కాగితం మీద ‘తప్పు నాదే, తలుపు తియ్యవూ’ అని రాసి మడిచి తలుపు కిందనించి లోపలికి తోసింది. కాస్సేపటికి కాగితం తిరిగొచ్చింది, వేసిన మడత వేసినట్టే.

మాట ఆపిన నాలుగో రోజు, సాయంత్రం నాలుగున్నర. కిటికీలోంచి ఎండ నేల మీద పడుతోంది. ఆమె ముందుగదిలో బట్టలు మడతపెడుతుంటే మూసిన తలుపు వెనక కూతురి మాట వినబడింది.

“ఇవాళా తినలేదు.”

“నాకు ముందే తెలుసు,” అంది తికమక.

ఆమె టీవీ వంక చూసింది. ఆపేసి ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తన ఒళ్ళోనే ఉంది. చెయ్యి పైకెత్తి తన గొంతు మీద పెట్టుకుని చూసుకుంది. అది కదలడం లేదు.

“అమ్మకి చెప్పనా?”

“వద్దు. అమ్మకి చెబితే ఊరందరికీ చెప్పినట్టే.”

పిల్ల తనే రెండు గొంతులూ పలుకుతోంది, తొమ్మిదేళ్ళుగా వింటోంది కదా, వచ్చేసుంటుంది అనుకుంది. అనుకుంటే కొంచెం ఊరట కలిగింది కూడా. కాని ‘తెలుసు’ అన్నప్పుడు చివర్న సన్నగా గాలి పోయింది. ఆమె పై పళ్ళ మధ్య సందు వల్ల వచ్చే గాలి అది. దాన్ని అణచడానికి స్టూడియోలో తమ్ముడు మైకుని ఎన్నిసార్లు జరిపాడో. పిచ్చుకకి ఆ సందు లేదు.

తర్వాత రోజూ అదే వేళకి వినబడింది. ఒకనాడు నవ్వు కూడా. తనది కాని మాటలు తన గొంతుతో మూసిన తలుపు వెనక దొర్లుతుంటే, ఆమె బయట నోరు మూసుకుని కూర్చునేది. నోరు మూసుకోవడం తప్ప ఏమీ చేతకాని మనిషి పరిస్థితి ఎలా ఉంటుందో తన స్కూలు రోజుల తర్వాత మళ్ళీ ఇప్పుడే తెలిసొచ్చింది.

తొమ్మిదో రోజు ఉండబట్టలేక తలుపు చప్పుడు కాకుండా రవ్వంత తెరిచింది. పిచ్చుక అటు తిరిగి బల్ల దగ్గర కూర్చుంది. రొట్టె తింటోంది. చెవి కింద దవడ మెల్లగా ఆడుతోంది. నోటినిండా రొట్టె ఉంటే మాట ముద్దగా వస్తుంది, ఆ సంగతి ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? కాని మాట అద్దంలా స్పష్టంగా వచ్చింది.

“తలుపు దగ్గర నిలబడింది. చూడకు.”

పిల్ల చూడలేదు. నములుతూనే ఉంది. తల్లి తలుపు చేరవేసింది.

పదిహేనో రోజు స్టూడియోకి వెళ్ళింది. సొంత గొంతు బొంగురుగా తిరిగొచ్చింది. తికమక గొంతు మాత్రం ఎంత ప్రయత్నించినా రాలేదు. తెర మీద పిల్ల పెదాలు తెరిచి మూసింది, మళ్ళీ తెరిచి మూసింది, గది నిశ్శబ్దంగా ఉంది. “ఎక్కడ పారేసుకొచ్చావక్కా?” అన్నాడు తమ్ముడు, ఆమెని నవ్వించడానికి. ఎక్కడుందో ఆమెకి తెలుసు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి ఇంటికి నడిచింది. ఉద్యోగం పోతుందన్న బెంగ దారిలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. పిచ్చుక ఇంకెప్పటికీ తనతో మాట్లాడదేమోనన్న భయంతోనే దారంతా నడిచింది.

ఇంటికొచ్చేసరికి గదిలో రెండు గొంతులు మాట్లాడుకుంటున్నాయి. ఆమె తలుపు తట్టింది. ఎనిమిదేళ్ళలో ఆ తలుపు తట్టడం అదే మొదటిసారి.

“పిచ్చుకా, నేనే. అమ్మని.”

రెండూ ఆగిపోయాయి. ఆమె తోసుకుని లోపలికెళ్ళింది. పిల్ల అటు తిరిగి కూర్చునుంది. బల్ల కింద ఒంటి బూటు ఉంది.

“ఇటు తిరుగమ్మా.”

“తిరగదు,” అంది తికమక. “తిరిగితే పెదాలు చూస్తావు. కదిలితే ఒక భయం, కదలకపోతే ఇంకో భయం నీకు.”

తల్లికి పరిగెత్తాలనిపించింది. కాని రోజూ బయట కూర్చునే మనిషి ఇవాళ లోపలే, కూతురి కుర్చీ వెనక నేల మీద కూర్చుంది.

“ఆ మాట నేనే పెట్టాను,” అంది బొంగురు గొంతుతో. “నోరు జారిందని చెప్పొచ్చు. కాని మూడు వారాలు నోరు మూసుకున్నాను చూడు, అది జారడం కాదు. అందరూ నవ్వారు, నాకు బావుంది. నా చిన్నప్పుడు నన్ను చూసి నవ్వేవాళ్ళే. వాళ్ళని నేను నవ్విస్తే అదో గొప్పనిపించింది. నిన్ను చూసి నవ్వుతున్నారని తట్టలేదు. తిట్టు పిచ్చుకా. ఏ గొంతుతో తిట్టినా సరే.”

కుర్చీ కిర్రుమంది. పిల్ల ఇటు తిరిగింది.

అలవాటు కొద్దీ తల్లి చూపు పెదాల మీదికే పోయింది. పట్టి లాగినట్టుగా దాన్ని పైకెత్తి కళ్ళలో పెట్టింది. అక్కడే ఉంచింది.

“నువ్వు చెప్పేస్తావని నాకు ముందే తెలుసు. అయినా చెప్పాను. చెప్పుకోడానికి నాకింకెవరున్నారు?”

చివర్న గాలి పోయిందో లేదో ఆమె వినలేదు. పెదాలు కదిలాయో లేదో చూడలేదు. రెప్పకి అంటుకున్న తడి చూసింది, ఎడమ కంట్లో ఒక చిన్న నల్ల చుక్క చూసింది.

“గోధుమ రంగు,” అంది. “నీ కళ్ళు గోధుమ రంగు.”