గుమ్మఘట్ట అవతల కూసిన బోరు

అనంతపురంలో ఉదయం ఆరున్నరకు రాయదుర్గం బస్సెక్కాను. ఆషాఢం. వాన జాడ లేదు గానీ, గాలి మాత్రం మనిషిని నిలవనీయడం లేదు. గుమ్మఘట్ట అవతల ఒక పల్లెలో ఎండిన బోరులోంచి చచ్చిపోయిన కొడుకు అరుస్తున్నాడని, హనుమంతప్ప అనే ముసలి రైతు మా సైన్సు సంఘాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. సంఘంలో మగవాళ్లందరికీ ఆ ఆదివారమే పనులు పడ్డాయి. దయ్యాల్లేవని మైకుల్లో చెప్పేవాళ్లకు పనులెక్కువ. నేనొక్కదాన్నే బయల్దేరాను.

ఊరి పేరు వినగానే పక్కసీటు ముసలమ్మ సంచి దగ్గరికి లాక్కుంది. "దయ్యాన్ని సూడను ఒక్కదానివే పోతాండావా? మొగుడూ పిల్లోళ్లూ లేరామ్మా నీకు?"

"ఉన్నారు. దయ్యం కంటే వాళ్లే ఎక్కువ వేధిస్తారు."

ఆమె నవ్వి గుప్పెడు బొరుగులు పెట్టింది.

రాయదుర్గంలో ఇడ్లీ తిని, బస్సు మారి, పల్లె చేరేసరికి పదకొండు దాటింది. దారి పొడవునా విత్తనం పడని ఎర్ర చేలు. హనుమంతప్ప ఇంట్లో కోడలు మారెక్క సంగటీ ఊరుబిండీ పెట్టింది. వేసిన బోరల్లా ఎండిపోతే ఆమె భర్త పురుగుల మందు తాగి పోయాడు. మామ బయటికి వెళ్లగానే ఆమె గొంతు తగ్గించింది.

"అక్కా, దయ్యాన్ని అట్లే ఉండనీండి. నాకూ నా బిడ్డకూ ఆ చేనొక్కటే మిగిలిండాది."

"లేని దయ్యం నీ చేనికేం కాపలా కాస్తుందమ్మా?" అని ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఆమె చెంబు తీసుకుని లోపలికి పోయింది.

చేను రోడ్డు పక్కనే. ముసలాయనతో పాటు ఊళ్లోవాళ్లు కొందరు నా వెంట వచ్చారు. దగ్గరికి వెళ్తుంటే, దుఃఖం గొంతులో అడ్డం పడినట్టు 'ఊఁ' అని మూలుగు. అబద్ధమెందుకు, నాకూ ఒళ్లు జలదరించింది. చూస్తే, మూత లేని కేసింగు పైపు మోకాలెత్తున నిలబడి ఉంది. సోడా సీసా మూతి మీద ఊదితే మోగినట్టే, పైగాలి తగిలి మోగుతోంది. ఇద్దరి చేత ఒక బండ ఎత్తించి మూతి మీద పెట్టించాను. మూలుగు ఆగింది.

"థూ, ఇంతేనా! దీనికా మనం రాత్రిపూట ఉచ్చకు గూడా బయటికి రాకపోయింది!" అన్నాడొకడు. అందరూ నవ్వారు. ముసలాయన నవ్వలేదు.

"అయితే నా కొడుకు ఆడ లేడంటారు?"

"లేడు పెద్దాయనా."

"అట్లయితే రిగ్గు బండోళ్లు వస్తారు. ఈ కూతకు భయపడే కదా, ఒక్కడూ చేన్లో కాలు పెట్టకపాయె! చేను కుదువ పెట్టయినా ఇంకొక బోరు ఏపిస్తా. గాలాడే సందుంటే నీళ్లాడే సందూ ఉంటాది."

"అది లోపలి గాలి కాదు, పైగాలి!" అని అరిచాను.

"టెంకాయ పట్టి నీళ్లు సూసే ఆయప్పను పిలిపిస్తాం మేడమ్," అన్నాడు ముసలాయన. "అరచేతిలో టెంకాయ లేసి నిలబడితే నీళ్లున్నట్లే."

"ఎండిన బోర్లకు మాత్రం నిలబడలేదా?"

"నిలబడింది. అప్పుడు మా టైము బాగలేదు."

గట్టు మీది నుంచి మారెక్క నన్నే చూస్తోంది. "ఇప్పుడు సంతోషమా అక్కా?" అంది.

సాయంత్రం బస్సులో హనుమంతప్ప కూడా ఎక్కాడు, రాయదుర్గంలో రిగ్గు మాట్లాడడానికి. వద్దన్నా వినకుండా నా టికెట్ కొన్నాడు. ఎలాగైనా ఆయన మనసు మార్చాలని మాటలు కూడదీసుకుంటుండగా చేను వచ్చింది. మళ్లీ 'ఊఁ' అని మూలుగు. బండ కింద దొర్లి ఉంది. మారెక్క పైపు పక్కన నిలబడి బస్సు వైపే చూస్తోంది.

ఇన్నేళ్లూ దయ్యాల్లేవని ఊరూరా కొట్లాడిన నేను, "పెద్దాయనా, మళ్లీ అరుస్తోంది. ఇది నాకు గాలిలా లేదు" అన్నాను.

ఆయన కిటికీ వైపు తల కూడా తిప్పలేదు. "గాలే మేడమ్. మీరే కదా తేల్చింది" అని ఒళ్లో ఉన్న సంచిలోని టెంకాయను సర్దుకున్నాడు.

రాయదుర్గంలో బస్సు దిగాక దండం పెట్టి వెళ్లిపోయాడు. అనంతపురం దాకా నాతో వాదించేవాళ్లెవరూ లేరు. ఆ దారిన వెళ్లేవాళ్లు భయపడకండి, ఆ పల్లెలో దయ్యం లేదు. మారెక్కకు ఇప్పుడు అదీ లేదు.