ఒత్తులకు జాగ

సిద్దిపేటలో మా ఇంటి మేడమీద గదిలో కూర్చుని నేనేం పని చేస్తానో మా అమ్మకు చాలాకాలం అంతుపట్టలేదు. ఎవరైనా అడిగితే కంప్యూటర్‌లో గుండీలు చేస్తుందని చెప్పేది. విన్నవాళ్లు నేను చొక్కాలు కుట్టే ఏదో కంపెనీలో ఉన్నాననుకునేవారు. అమ్మ మాటలో తప్పేమీ లేదు. హైదరాబాద్‌లోని ఒక చిన్న వీడియోగేమ్ కంపెనీకి, ఆట తెరమీద కనబడే బటన్లూ పట్టీలూ అక్షరాలూ తయారుచేసి పంపడమే నా పని.

అప్పుడు మేం చేస్తున్నది కాకతీయుల కాలంనాటి ఆట. ఆడేవాళ్లు ఒక చిన్న కోటకు దొర అవుతారు. చెరువులు తవ్వించాలి, ధాన్యం నిల్వ చేయాలి, పన్నులు వసూలు చేయాలి, శత్రువు వస్తే యుద్ధం చేయాలి. మొదటిసారిగా ఆటంతా తెలుగులోనే ఉండాలని కంపెనీ ఓనరు పట్టుబట్టాడు. తెర చూడగానే ఏడెనిమిది వందల ఏళ్లు వెనక్కి పోయినట్టుండాలని మాత్రం నాకు చెప్పాడు.

నేను ఆ మాటను మరీ మనసుకు పట్టించుకున్నాను. దగ్గరి ఊళ్లో ఉన్న ఒక రాతి శాసనానికి ఫోటోలు తీసుకుని, ఉలితో చెక్కినట్టుండే అక్షరాలు గీశాను. రెండుసార్లు బస్సెక్కి చేర్యాల పోయి, నకాషీ బొమ్మలు వేసేవాళ్ల దగ్గర కూర్చుని చూసి వచ్చాను. ఆ ఎర్రటి నేపథ్యం మీద ఏనుగులు, గుర్రాలు, పూల తీగలతో తెర చుట్టూ ఒక బార్డర్ వేశాను. అందులో ఒక్క చిలకకే నాకు రోజంతా పట్టింది. పూర్తయ్యాక దాన్ని చూసుకుని మురిసిపోయాను. మధ్యలో అక్షరాలకు మిగిలింది సన్నటి సందు మాత్రమేనన్న సంగతి ఆ మురిపెంలో నాకు కనిపించలేదు.

మొదట చూపించింది అమ్మకే. కళ్లద్దాలు పెట్టుకుని, ఫోన్ చేతిలోకి తీసుకుని, ఒక్కో బటనూ కూడబలుక్కుంటూ చదివింది. కాసేపటికి తలెత్తింది.

“వడ గాదె ఏంది బిడ్డా? గాదెల వడలు పోస్తరా?”

తొంగి చూశాను. నేను రాసింది ‘వడ్ల గాదె’. తెరమీద డ కింద ఉండాల్సిన ల ఒత్తు లేదు. బటన్ కొలతలు నేను ఇంగ్లిష్ ఆటల నుంచి తీసుకున్నాను. ఆ అక్షరాలకు కింద వేలాడేది పెద్దగా ఏమీ ఉండదు. మన అక్షరాలకు కింద ఒత్తులుంటాయి. పైగా బార్డర్ కోసం ఆ బటన్లను ఇంకా కుదించాను. దాంతో గడి దాటిన ప్రతి ఒత్తూ కత్తిరించినట్టు తెగిపోయింది.

అమ్మ అక్కడితో ఆగలేదు. ఇంకో చోట ‘పన్ను పెంచు’ అన్న బటన్ ఉంది. బటన్ పెద్దది కావడం వల్ల దాని ఒత్తు బతికి బయటపడింది. అది చదివి, “పన్ను పెంచుడేంది, గీ రాజు పండ్ల డాక్టరా?” అని అడిగింది. నాకు ఒళ్లు మండి, ఆటలు ఆడేవాళ్లకు అన్నీ అర్థమవుతాయిలే అని ఫోన్ లాక్కున్నాను.

ఆ తర్వాతి వారం హైదరాబాద్ ఆఫీసులో ఆటను అందరి ముందూ ఆడించి చూశారు. ‘శతువు వచాడు’ అని తెరమీద పడగానే వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. వడ గాదె దగ్గరకు వచ్చేసరికి గదంతా నవ్వింది. చట్నీ గాదె ఎక్కడుందని కూడా అడిగారు. ఓనరు మాత్రం నవ్వలేదు. బటన్లన్నీ ఇంగ్లిష్‌లో పెట్టేద్దామని, ఆట పేరు ఒక్కటే తెలుగులో ఉంచుదామని మెల్లగా అన్నాడు. నా మనసు చివుక్కుమంది. వారం రోజులు గడువు అడిగి బయటపడ్డాను.

తిరిగొచ్చే బస్సు కుకునూరుపల్లిలో ఆగింది. ఎదురుగా ఒక గోడమీద విత్తనాల ప్రకటన, కుంచెతో రాసినది. బస్సు కదిలి వేగం అందుకున్నాక కూడా నేను దాన్ని చదవగలుగుతున్నాను. ఒక్క ఒత్తు కూడా పోలేదు. అప్పుడు మా గల్లీలోనే ఉండే పెయింటర్ కాక గుర్తొచ్చాడు. ఒకప్పుడు పాత బస్టాండు చుట్టుపక్కల సగం దుకాణాల బోర్డులు ఆయన రాసినవే. ఫ్లెక్సీలు వచ్చాక ట్రాక్టర్ల మీదా, బడి గోడల మీదా రాస్తున్నాడు.

మర్నాడు పొద్దున ఆయన ఒక బడి గోడ దగ్గర ఉంటే అక్కడికే వెళ్లాను. ఫోన్ తీసుకుని, చేయి చాచి దూరంగా పెట్టి చూశాడు.

“వీటి కాళ్లు ఎవలు నరికిన్రు బిడ్డా?”

నేనే నరికానని ఒప్పుకున్నాను. ఆయన సుద్ద పూసిన దారం గోడకు అడ్డంగా పట్టి లాగి వదిలాడు. తెల్లటి గీత పడింది. అలా మూడు గీతలు కొట్టాడు.

“మంది రెండు గీతలే కొడ్తరు. నేను మూడు కొడ్త. మూడోది ఒత్తులకు. ముందుగాల వాటికి జాగ ఇడిసినంకనే మీద అక్షరం పెడ్త.”

బోర్డు చిన్నదైతే ఏం చేస్తావని అడిగాను.

“బార్డర్ తీసేస్త. అక్షరాన్నెట్ల కోస్త?”

నా చిలక కళ్లముందు మెదిలింది. బార్డర్ ఎంత కష్టపడి వేశానో ఆయనకు వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు, బొమ్మలు బాగున్నాయని మెచ్చుకున్నాడు, మళ్లీ గోడ వైపు తిరిగాడు.

ఆ వారమంతా బార్డర్ విప్పడమే సరిపోయింది. కుడివైపు ఏనుగులను ఒక్కొక్కటే తీసేస్తుంటే యుద్ధంలో ఓడిపోతున్న దొరసానిలా అనిపించింది. తర్వాత గుర్రాలు పోయాయి. చిలకను మాత్రం ఆట పేరు పక్కన ఒక మూల దాచాను. ఉలితో చెక్కినట్టుండే పదును తలకట్టుల్లో మాత్రమే ఉంచి, మిగతా అక్షరమంతా గుండ్రంగా మార్చాను. ప్రతి బటన్‌కూ మూడో గీత ఇచ్చాను. ‘పన్ను’ను ‘శిస్తు’ చేశాను. రాజ్యం, సైన్యం, చెరువులు, సంధి వంటి పెద్ద శీర్షికలు కాకనే కుంచెతో చార్టుమీద రాసిస్తే, వాటిని స్కాన్ చేసి పెట్టాను.

అమ్మ ఈసారి ఎక్కడా ఆగకుండా చదివింది. “సక్కగున్నది గని, ఏనుగులన్నిటిని పంపిస్తివి. ఒక్కటన్న ఉంచకపోతివి,” అంది. కంపెనీలో ఎవరూ నవ్వలేదు. ఓనరు ఇంగ్లిష్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆట బయటికొచ్చిన రోజు కాక ఇంటికి పోయి చూపించాను. ఆయన తన శీర్షికలు ఒక్కొక్కటే చూస్తూ ‘సైన్యం’ దగ్గర ఆగిపోయాడు. య ఒత్తు తోక వంకర పోయిందట. నాకేమీ కనిపించలేదు. ఇప్పటికే ఎందరి ఫోన్లలోకో వెళ్లిపోయింది కాకా అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. రెండో రోజు పొద్దున్నే మా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో ఒక అట్టముక్క. దానిమీద ఒక్క ‘సైన్యం’ మాత్రం కొత్తగా రాసి ఉంది.

ఆ తర్వాత వచ్చిన అప్‌డేట్‌లో మార్పుల జాబితా నేనే రాశాను. శత్రువుల ఏనుగుల వేగం తగ్గించాం. చెరువు తెగినప్పుడు ఆట ఆగిపోయే లోపం సరిచేశాం. ‘సైన్యం’లో య ఒత్తు తోక సాపు చేశాం. ఓనరు ఫోన్ చేసి ఆ మూడోది ఏమిటని అడిగితే, అన్నిటికన్నా అర్జెంటు అదేనని చెప్పాను.

కాక ఆ కొత్త ‘సైన్యం’ను ఫోన్‌లో చాలాసేపు చూసి, తలూపి, తిరిగిచ్చాడు. ఒకసారి ఆడి చూస్తావా అని అడిగితే, ట్రాక్టరు వాళ్లు ఎదురుచూస్తున్నారని చెప్పి కుంచెల సంచి తీసుకుని వెళ్లిపోయాడు.