యంత్రం ఆగితే నీళ్లు ఎటు పోతాయి?

మీరు నమ్మిన మంచి పనిలో ఉన్న ప్రమాదాన్ని ఎప్పుడైనా నోరు విప్పి చెప్పారా? నేను చెప్పలేదు.

కెనడాలోని బర్నబీలో చదువుతున్న రోజులవి. క్లాసు నిండా మన పిల్లలే. పార్ట్‌టైమ్ పని ఎక్కడ ఖాళీ ఉన్నా అందరం ఎగబడేవాళ్లం. నాకు కొండల్లోని ఒక చిన్న జలవిద్యుత్ కేంద్రాన్ని శనివారాల్లో సందర్శకులకు చూపించే పని దొరికింది. పెద్ద ఆనకట్ట లేదు, ఊళ్లు మునగవు, పొగ రాదు. వాగు నీటిని పైన గొట్టంలోకి మళ్లించి, కింద యంత్రాన్ని తిప్పి, తిరిగి వాగులోకే వదులుతారు. ఇదంతా నేను ఆవేశంగా చెప్పేదాన్ని.

ఒక్క ముక్క మాత్రం మింగేసేదాన్ని. యంత్రం ఆగితే గొట్టంలోకి వెళ్లే నీళ్లన్నీ, పై గొట్టానికీ కింది యంత్రానికీ మధ్య ఎండినట్టున్న వాగులోకి ఒక్కసారిగా వస్తాయి, అక్కడికి ఎవరినీ దిగనివ్వకూడదు అని శిక్షణలో చెప్పారు. జనం బెదిరిపోతారని, నా పని పోతుందని నాకు భయం.

ఆ మధ్యాహ్నం ఒక తెలుగావిడ, పదేళ్ల కూతురితో వచ్చింది.

"ఏమ్మా, పైనుంచి నీళ్లేమన్నా వదుల్తారా?"

"అబ్బే, ఇది డ్యామ్ కాదాంటీ. భయం లేదు."

"అయితే దిగి నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకొస్తాం."

"ఈ వాగు పుణ్యం ఇవ్వదాంటీ, కరెంటే ఇస్తుంది!"

"నీ కరెంటు నువ్వుంచుకో. నా పుణ్యం నేను చూసుకుంటాలే."

"మామ్, ఇట్స్ ఫ్రీజింగ్!" అంటూ పాప నీళ్లు తాకి, వాగు మధ్యలోని బండ మీదికి గెంతింది.

అప్పుడే యంత్రం హోరు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దానికి అర్థం అక్కడ నాకొక్కదానికే తెలుసు. పాప వైపు పరుగెత్తాను. అల ఏదీ రాలేదు. చిన్న రాళ్లు ఒక్కొక్కటే కనిపించకుండా పోయాయి. నేను మోకాలి లోతు నీళ్లలోకి దూకి పాప జాకెట్ పట్టుకున్నాను. కాళ్లు మొద్దుబారాయి. తల్లి మా ఇద్దర్నీ రెండు చేతులతో గట్టుకు ఈడ్చింది. వెనక్కి చూస్తే బండ లేదు.

పాపను గుండెకు హత్తుకుని ఆవిడ అడిగింది: "భయం లేదన్నావు కదమ్మా?"

నెత్తిన చల్లుకునే నీళ్లను చూసి నవ్విన హేతువాదిని నేను. నేను చెప్పిన అబద్ధానికి ఏ హేతువు ఉంది? ఆ హోరు ఆగడం ఇప్పటికీ కలలో వినిపిస్తుంది.

చిన్న జలవిద్యుత్ కావాలని నేటికీ వాదిస్తాను. అందుకే అడుగుతున్నాను. మీ దగ్గరి కేంద్రానికి వెళ్లండి. యంత్రం ఆగితే నీళ్లు ఎటు పోతాయో అడగండి. వాగు గట్టున హెచ్చరిక బోర్డు పెట్టేదాకా అక్కణ్ణుంచి కదలకండి.