దీపం పెట్టనివ్వని గది

మా రీసెర్చి గైడు మేడం గుండెపోటుతో పోయారన్న సంగతి కడపంతా తెలిసిపోయిన తర్వాత నాకు తెలిసింది. అప్పుడు నేను ఎలుకల గదిలో ఉన్నాను. ఫోను బయట బిస్కెట్ డబ్బాలో ఉంది. గదిలో ఫోను వెలుగు పడకూడదన్న రూలు ఆవిడదే కాబట్టి, ఈ ఆలస్యానికి బాధ్యత కూడా ఆవిడదేనని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఆ గదిలో పగలు రాత్రి, రాత్రి పగలు. ఎలుకలు చీకట్లో తిరిగే జీవులు కదా, మా పనికి వీలుగా వాటి వేళలను తలకిందులు చేశాం. పగలంతా లైట్లార్పి, వాటి కంటికి పెద్దగా ఆనని ఎర్ర బల్బు ఒక్కటే వేస్తాం. కేన్సర్ తెప్పించే రసాయనం అన్నిటికీ ఒకటే, మోతాదూ ఒకటే. కొన్నిటికి మేలుకుని తిరిగే వేళ ఇచ్చాం, కొన్నిటికి నిద్రపోయే వేళ. గడ్డలు ఏ గుంపుకు ఎక్కువ వస్తాయన్నదే ప్రశ్న. మధ్యలో తెల్లటి వెలుగు పడిందంటే వాటి ఒంట్లోని గడియారం తప్పుతుంది, నెలల పని అనుమానంలో పడుతుంది.

నేను ఆలస్యంగా వస్తే మేడం తిట్టేవారు కాదు. "ఏమప్పా, నీకిప్పుడు తెల్లారిందా? నిన్ను గూడా ఒక బోన్లో ఏసి రాసుకుంటా ఉండు" అనేవారు. ఎలుకలు ఆవిడకు "వాళ్లు", నేను "ఇది". "వాళ్లు ఎప్పుడో లేసినారు, ఇది ఇప్పుడు చెప్పులీడ్చుకుంటా వస్తాండాది" అని అందరికీ చెప్పేవారు.

ఒకసారి నంద్యాల దగ్గర ఊళ్లో, మిరప తోటలకు మందు కొట్టే ఒకాయన అడిగాడు: "పొద్దున్నే కొట్టేదానికీ సందేళ కొట్టేదానికీ ఒంటికి తేడా ఏమన్నా ఉంటాదా మేడం?" నేను గంభీరంగా గొంతు సవరించుకున్నాను. ఆవిడ ఒక్క చూపుతో నన్ను ఆపి, "తెల్దన్నా. ఎలకల్లోనే ఇంకా తేల్లేదు. తేలేదాకా ఇడిసిపెట్టేది లేదు. నువ్వు మాత్రం ఎప్పుడు కొట్టినా మూతికి గుడ్డ కట్టుకో" అన్నారు.

అది ఇంకా తేలలేదు. తేలుస్తాను. ఇందులో జోకేమీ లేదు.

సంతాప సభ రోజు పొద్దున డిపార్ట్‌మెంటు మొత్తం ఫోటో, దండ, దీపం పట్టుకుని ఎలుకల గది దగ్గరికి వచ్చింది.

"ఆయమ్మకు గుడి ఇదే గదప్పా, లోపల్నే దీపం పెడతాం" అన్నాడు అటెండరు.

నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను. "లోపల వద్దన్నా."

"గురువుకు దీపం పెట్టనీవా? ఏం సదువప్పా నీది?"

"ఆమె చెప్పిన సదువే. లోపల వాళ్లకిప్పుడు అర్ధరాత్రి."

వెనక ఎవరో నాకు పొగరన్నారు. ఎవరో ముందుకు తోశారు. నా హాస్యమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. తలుపు గడియ పట్టుకుని అక్కణ్నుంచి కదల్లేదు.

అప్పుడు మేడం భర్త ముందుకొచ్చారు. ప్రొద్దుటూరులో బట్టల కొట్టు ఆయనది. ఈ గది ఎలా ఉంటుందో ఎన్నడూ చూసినవారు కాదు.

"దీపం వరండాలో పెట్టండప్పా. ఆమె మాట దాటినోళ్లు మా ఇంట్లోనే లేరు" అన్నారు.

దీపం బయటే వెలిగింది. అందరూ కళ్లు మూసుకున్నారు. ఆయన మాత్రం కిందికి చూశారు. తోపులాటలో తలుపు కింది రబ్బరు పట్టీ ఒక మూల ఊడింది, సందులోంచి వెలుగు సన్నగా లోపలికి పోతోంది. ఆయన భుజం మీది కండువా తీసి, కొట్లో బట్ట మడిచినంత నేర్పుగా మడిచి, మోకాళ్ల మీద కూర్చుని ఆ సందులో కూరారు. లోపల ఎలుకలు బోనుల్లో పరుగులు తీస్తున్న చప్పుడు వినిపించింది. ఆయన లేవలేదు. తలుపుకు చెవి ఆనించి అలాగే వింటూ ఉండిపోయారు.